ఎవరికి ఎవరు సమానులు? గ్రీకు న్యాయచింతనా, భద్రాచలం మన్యమూ

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో పంతుళ్ల ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీచేసిన 3వ నంబరు ఉత్తర్వు చెల్లదన్నది ఆ తీర్పు. నూటికి నూరు కొలువులూ ఒక్కరికే కేటాయిస్తే రాజ్యాంగమిచ్చిన సమానత్వపు హక్కు భంగమవుతుందని ధర్మాసనం భావించింది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల మీదా కలిపి అయిదు లక్షల రూపాయల ఖర్చులు కూడా వేసింది. అప్పటికే ఉద్యోగాల్లో వున్నవారిని మాత్రం, కొన్ని షరతుల మీద, కదపకుండా వదిలింది.

ఈ తీర్పును మెచ్చుకున్నవారు సమానత్వం పేరు చెప్పే మెచ్చుకున్నారు. నిరసించినవారూ ఆ పేరే చెప్పి నిరసించారు. ఒకే మాట రెండు పక్షాల జెండాల మీదా కనిపిస్తున్నప్పుడు దాని అర్థం కోసం నిఘంటువు తిరగేసి లాభం లేదు. ఆ మాట ఎక్కడ పుట్టి, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో చూడాలి.

అరిస్టాటిల్ 'రాజనీతి' మూడవ భాగంలో ఈ తగువు ఉన్నదున్నట్టుగా కనిపిస్తుంది. న్యాయమంటే సమానత్వమేనని అందరూ ఒప్పుకుంటారు. అయితే అది సమానులైనవారి మధ్య మాత్రమే న్యాయం. అసమానత కూడా న్యాయమే, అసమానుల మధ్య. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా ఎవరు ఎవరికి సమానులు, దేనిలో సమానులు అన్న దగ్గరే మొదలవుతుంది. డబ్బులో మేము ఎక్కువ కాబట్టి అన్నింటా ఎక్కువేనని ధనికులు వాదిస్తారు. స్వేచ్ఛలో మేమూ సమానమే కాబట్టి అన్నింటా సమానమేనని పేదలు వాదిస్తారు. ఇద్దరిదీ సగం న్యాయమేనంటాడు అరిస్టాటిల్. మన కళాశాలల్లో ఈ ముక్కను ఏదో గాలిలోంచి ఊడిపడ్డ తత్త్వంలాగా బట్టీ పట్టిస్తారు. నిజానికి దీని వెనక రెండువందల యాభై ఏళ్ల ఏథెన్సు రైతుల అప్పుల చరిత్ర వున్నది. ఆ అప్పుల కథ తెలియకపోతే అరిస్టాటిల్ వాక్యం ఉత్త తర్కమే అవుతుంది.

ఆ కథ సోలన్‌తో మొదలుపెట్టాలి. క్రీ.పూ. 594 నాటికి ఏథెన్సు చుట్టుపట్ల భూమి కొద్దిమంది గుప్పిట్లో వున్నది. 'ఆరో పాలు వాళ్లు' అని పిలవబడే రైతులు దున్ని, కౌలు చెల్లించలేకపోతే, తామూ తమ పిల్లలూ బానిసలుగా అమ్ముడుపోయేవారు. (ఆరో పాలు ఇచ్చేవారా, ఆరో పాలే ఉంచుకునేవారా అన్నది పండితుల మధ్య ఇంకా తెగలేదు. రెండోదే నిజమైతే మన కౌలుదార్లు కాస్త నయమనుకోవాలి.) అప్పు పడ్డ పొలంలో ఒక రాయి పాతి వుండేది. ఎవడి భూమి ఎవడికి కట్టుబడి వున్నదో ఆ రాయే సాక్ష్యం. జనం పెద్దల మీద తిరగబడ్డారు. కలహం చాలాకాలం సాగింది. చివరికి ఇరుపక్షాలూ సోలన్‌ను మధ్యవర్తిగా ఒప్పుకున్నాయి. అతను అప్పులు కొట్టేశాడు. మనిషి శరీరాన్ని తాకట్టు పెట్టి అప్పివ్వడాన్ని నిషేధించాడు. పొలాల్లోంచి రాళ్లు పీకించాడు. పరదేశాలకు అమ్ముడుపోయినవారిని కొందరిని తిరిగి రప్పించాడు. ఈ సంగతులు మనకు చెబుతున్నది ముఖ్యంగా 'ఏథెన్సు రాజ్యాంగం' అనే గ్రంథం. అరిస్టాటిల్ పేరు మీద వున్న ఈ పుస్తకం ఈజిప్టు ఇసుకలో కాగితపు చుట్టలుగా దొరికి 1891లో అచ్చయింది.

ఇక మన దగ్గరికి వద్దాం. భద్రాచలం తాలూకా 1860లో నిజాం చేతినుంచి బ్రిటిషువారికి పోయింది. 1874లో మధ్యపరగణాలనుంచి తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీల చట్టం చేసింది. ఆ చట్టం పేరులోనే వడ్డీ మాట ముందు, భూమి మాట తరవాత వచ్చాయి. చేసినవారికి రోగం ఎక్కడ మొదలవుతుందో తెలుసు. కొండజాతివాడి మీద ఏటికి నూటికి 24కు మించి వడ్డీ డిక్రీ చెయ్యరాదు, చక్రవడ్డీ చెల్లదు, మొత్తం వడ్డీ అసలును దాటరాదు. కొండజాతివాడి భూమి మరో కొండజాతివాడికి తప్ప ఏజెంటు అనుమతి లేకుండా బదిలీ అయితే అది చెల్లదు. నూటికి 24 వడ్డీని దయ అనుకోవలసివచ్చిందంటే, చట్టం రాకముందు షావుకార్లు ఎంత గుంజేవారో పాఠకులు ఊహించుకోవచ్చు.

ఇది గోదావరికి ఆవలి ఒడ్డు, అంటే భద్రాచలం ఒడ్డు. ఈవలి ఒడ్డున బూర్గంపాడు, పాల్వంచ నిజాం రాజ్యంలోనివి. ఇక్కడ నాగు వడ్డీ, వెట్టి, భగేలా రాజ్యమేలాయి. భగేలా ఒప్పందాలను అదుపు చేస్తామని 1936లో ఒక చట్టం వచ్చింది గాని, దొర గడీ గుమ్మం దాటి లోపలికి పోయే శక్తి దానికి లేకపోయింది. కొండరెడ్ల మీద హైమెన్‌డార్ఫ్ 1945లో వెలువరించిన గ్రంథంలో కలప వర్తకుల చేతిలో ఆ జనం అప్పుల కింద ఎట్లా కట్టుబడి పనిచేశారో వివరంగా వున్నది. నిజాం పక్షాన గిరిజన భూమికి చెప్పుకోదగ్గ రక్షణ 1940లో కొమరం భీం బలి అయిన తరవాతగాని రాలేదు. ఒకే నది, ఒకే కోయభాష, ఒకే పోడు. పడవ దాటితే న్యాయం మారిపోయేది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరి జిల్లానుంచి ఖమ్మంలో కలిశాయి. అదే ఏడు 1917 చట్టం స్థానంలో 1/59 వచ్చింది. అది తెలంగాణ ఒడ్డుకు వర్తించడానికి మరో నాలుగేళ్లు, అంటే 1963 దాకా, ఆగవలసివచ్చింది.

సోలన్ దయాళువు కనుక రాళ్లు పీకించాడని చదువుకునేవారు మన మన్యం చరిత్ర ఒకసారి తిరగెయ్యాలి. 1879లో రంప తిరుగుబాటు రేకపల్లి దాకా పాకింది. 1922 నుంచి 1924 దాకా అల్లూరి పోరాటం సాగింది. తెలంగాణ సాయుధపోరాటంలో, పోలీసుచర్య తరవాత, దళాలు గోదావరి అడవుల్లోకి పోయినప్పుడు వాటికి అన్నం పెట్టినందుకు కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో కుక్కారు. 1967లో శ్రీకాకుళం గిరిజన రైతాంగం లేచింది. ఆ నిప్పు ఆరకముందే, 1970 ఫిబ్రవరి 3 నుంచి, 1/70 అమలులోకి వచ్చింది. జనం లేచినప్పుడల్లా కాగితం మీద ఒక చట్టం దిగింది. ఏథెన్సులోనూ అంతే జరిగింది.

1/70 మామూలు చట్టం కాదు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మడమే కాదు, గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదన్నది. అంతకన్న ముఖ్యం, అక్కడ గిరిజనేతరుడి స్వాధీనంలో వున్న భూమి గిరిజనుడినుంచి వచ్చినదేనని ముందే భావించి, కాదని రుజువు చేసుకునే భారం అనుభవిస్తున్నవాడి నెత్తిన పెట్టింది. మామూలు కోర్టులో అడిగేవాడు రుజువు చెయ్యాలి. కాగితం, వకీలు, తెలుగు చదువు అన్నీ ఒక పక్షానే వున్నచోట ఈ నియమం ఆ పక్షానికే పనికివస్తుంది. 1/70 దాన్ని తలకిందులు చేసింది. ఆక్రమణ మీద ఫిర్యాదు బాధితుడే ఇవ్వనక్కరలేదు. సంబంధమున్న ఎవరైనా ఇవ్వవచ్చు, అధికారి తనంతట తానూ విచారించవచ్చు. సోలన్ సంస్కరణల్లో ప్రజలకు అత్యంత మేలు చేసినవిగా 'ఏథెన్సు రాజ్యాంగం' మూడింటిని లెక్కపెట్టింది. అందులో ఒకటి సరిగ్గా ఇదే: అన్యాయానికి గురైనవాడి తరఫున ఇష్టమున్న పౌరుడెవడైనా దావా వెయ్యవచ్చు. బలహీనుడు భయపడి నోరు విప్పలేడని ఆ శాసనకర్తకూ తెలుసు, ఈ శాసనం రాసినవారికీ తెలుసు. సమానత్వానికి భంగమంటూ 1/70 మీద వేసిన వ్యాజ్యాన్ని 1988లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 2020 తీర్పు చదివేవారు ఈ 1988 తీర్పును కూడా పక్కన పెట్టుకొని చదవాలి.

సోలన్ చెయ్యని పని ఒకటి వున్నది. భూమి పంచలేదు. పంచమని పేదలు అడిగారు. తాను ఇరుపక్షాలకూ కాపు కాశానని అతను తన పద్యాల్లో గర్వంగా చెప్పుకున్నాడు. రాళ్లు పోయాయి గాని భూమి ఉన్నవాడి దగ్గరే వున్నది. అధికార పదవులకు అర్హత పంట కొలతను బట్టే నిర్ణయమైంది. ముప్ఫై అయిదేళ్లు తిరక్కముందే పైసిస్ట్రాటస్ నియంతగా వచ్చాడు, అదీ కొండప్రాంతపు పేదల అండతో. 1/70 చరిత్రలో ఈ లోపం మరో రూపంలో కనిపిస్తుంది. పొగాకూ మిరపా పండించడానికి కోస్తానుంచి వచ్చిన పెద్దరైతులు చట్టానికి దారులు వెతికారు. బినామీ పేర్లు, తెల్లకాగితం అగ్రిమెంట్లు, తరాల తరబడి సాగే కౌళ్లు, కోయ స్త్రీని చేరదీసి ఆమె పేర రాయించిన పట్టాలు, 1970కి ముందటి తేదీ వేసిన పత్రాలు పుట్టుకొచ్చాయి. 1970కి ముందు గిరిజనేతరుల మధ్య జరిగిన అమ్మకాలకు ఈ చట్టం వర్తించదని 1995లో సుప్రీంకోర్టు అన్న తరవాత పాత తేదీల విలువ ఇంకా పెరిగింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో దాదాపు సగం సాగుభూమి గిరిజనేతరుల కిందే వున్నదని ప్రభుత్వం చేయించిన అధ్యయనాలే ఒప్పుకుంటున్నాయి.

ఇక్కడ ప్లేటోను ఎక్కువసేపు ఆపుకోను. జ్ఞానమున్నవాడే ఏలాలి, మిగిలినవారు ఎవరి పని వారు చేసుకోవడమే న్యాయం అన్నది 'రిపబ్లిక్' సారం. ఏజెన్సీ పాలన దీనికి మన దేశపు నకలు. కలెక్టరే ఏజెంటు, పాలకుడూ అతనే, న్యాయాధిపతీ అతనే. ప్లేటో తన సంరక్షకులకు సొంత ఆస్తి వుండరాదన్నాడు, యాభై ఏళ్లు వచ్చేదాకా చదువూ పరీక్షలూ పెట్టాడు. మన సంరక్షకుడు రెండేళ్లకు బదిలీ అయిపోతాడు.

మళ్లీ పంతుళ్ల ఉత్తర్వు దగ్గరికి వద్దాం, అసలు చిక్కు అక్కడే వున్నది. 3వ నంబరు ఉత్తర్వు ఎందుకు వచ్చింది? మైదానంనుంచి నియమించిన పంతులు గూడెంలో వుండేవాడు కాదు. వాగు పొంగితే రాడు, జ్వరాల కాలం వస్తే రాడు, బదిలీ కోసం తిరగడానికి జిల్లా కేంద్రానికి పోతాడు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు అతని తెలుగు అర్థం కాదు, ఆ పిల్ల మాట అతనికి అర్థం కాదు. ధర్మాసనం మాత్రం, గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలన్న ఆలోచననే ఏవగించుకున్నది. ఇతరుల అవకాశాలూ, ప్రతిభా దెబ్బతింటాయన్నది.

ప్రతిభ! ఈ మాట మీద అరిస్టాటిల్ ఒక ఉదాహరణ చెబుతాడు. మంచి పిల్లనగ్రోవులు వున్నాయి, ఎవరికివ్వాలి? గొప్ప కులంలో పుట్టినవాడికా, అందగాడికా, డబ్బున్నవాడికా? బాగా ఊదేవాడికే ఇవ్వాలి. ఎందుకంటే పిల్లనగ్రోవి వున్నది ఊదడానికి. వస్తువు ఏ పనికోసం వున్నదో ఆ పనిలోని నేర్పే దాని పంపకంలో కొలబద్ద కావాలన్నది అతని వాదం. దీన్ని తీసుకొచ్చి చర్ల మండలంలోని ఒక ఏకోపాధ్యాయ పాఠశాల ముందు నిలబెట్టండి. ఆ ఉద్యోగం ఏ పనికోసం వున్నది? జిల్లా ఎంపిక జాబితాలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారికి బహుమానంగానా, ఆ ఊరి పిల్లలకు అక్షరం వచ్చేటట్టు చెయ్యడానికా? రెండోదే అయితే కోయభాష రావడం, గూడెంలో కాపురముండడం, వానాకాలంలోనూ బడి తలుపు తియ్యడం, ఇవే అక్కడ ప్రతిభ. మార్కుల్లో ముందున్నవాడు పిల్లనగ్రోవికి అందగాడు వంటివాడు. అందం మంచిదే, ఊదడానికి పనికిరాదు.

ధర్మాసనం వాదంలో ఒక ముక్క మాత్రం తోసెయ్యరానిది. ఏజెన్సీలో తరతరాలుగా బతుకుతున్న దళిత కూలీలు వున్నారు, వెనకబడిన కులాల చేతివృత్తులవారు వున్నారు. వారు భూమి కాజేసినవారు కారు. నూటికి నూరూ అన్నప్పుడు ఆ కూలీ బిడ్డా, మిరప తోటల ఆసామి బిడ్డా 'గిరిజనేతరులు' అన్న ఒకే గోతిలో పడ్డారు. లంబాడీలకూ కోయలకూ మధ్య రగిలిన వైరం కూడా ఇటువంటిదే. ఒకే జాబితాలో వున్నవారంతా నిజంగా సమానులేనా అన్న ప్రశ్న అది. వర్గాన్ని వదిలేసి జాబితాతోనే కొలిస్తే ఇటువంటి చిక్కులు తప్పవు. కాని ఈ చిక్కుకు చికిత్స ఉత్తర్వును సవరించడం. కోర్టు మొత్తానికే కొట్టేసింది, దానివల్ల ఎక్కువ లాభపడ్డది దళిత కూలీ బిడ్డ కాదు.

అరిస్టాటిల్ సూత్రాన్ని నెత్తిన పెట్టుకొని ఊరేగనక్కరలేదు. అసమానులకు అసమానమే న్యాయమన్న ఆ నోటితోనే కొందరు పుట్టుకతోనే బానిసలన్నాడు, స్త్రీ ఏలుబడిలో వుండవలసినదేనన్నాడు. మన వర్ణధర్మం కూడా ఎవరి పాలు వారికేనన్న న్యాయమే చెప్పుకున్నది. ఎవరు అసమానులో నిర్ణయించేవాడెవడు అన్నదే అసలు ప్రశ్న. తమాషా ఏమిటంటే, పౌరుడెవరు అని అంత శ్రద్ధగా విచారించిన అరిస్టాటిల్ ఏథెన్సులో పౌరుడు కాడు. స్టగైరానుంచి వచ్చిన పరదేశి. క్రీ.పూ. 451లో పెరిక్లీస్ చేసిన శాసనం ప్రకారం తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్సువారైతేనే పౌరసత్వం. పరదేశికి సభలో మాట లేదు, భూమి కొనే హక్కు లేదు, పన్ను మాత్రం వున్నది. భద్రాచలం అడవుల్లో ఇటువంటి జనం ఇవాళ వున్నారు. 2005లో దంతెవాడలో సల్వాజుడుం మొదలైన తరవాత ఊళ్లు తగలబడి గోదావరి వైపు వచ్చినవారిని మనం గుత్తికోయలంటున్నాం. సల్వాజుడుం వారికి తుపాకులిచ్చి పోలీసులుగా నిలబెట్టడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. కాలిన ఊళ్లు మాత్రం తిరిగి లేవలేదు. గిరిజన హోదా రాష్ట్రపు సరిహద్దు దాటితే వెంట రాదు. ఆవల గిరిజనుడు, ఈవల ఎవరూ కాడు. వారు మిరపకోతలకు కూలీలుగా కావాలి, వారి గుడిసె మాత్రం అటవీశాఖకు ఆక్రమణ.

సరిహద్దుల మాట వచ్చింది కాబట్టి క్లీస్తనీస్‌ను తలుచుకోవాలి. క్రీ.పూ. 508లో అతను ఏథెన్సు పటాన్ని కొత్తగా గీశాడు. పాత తెగలను పక్కన పెట్టి, పట్నం, తీరం, లోతట్టు ఈ మూడింటినుంచి పల్లెలు కలిపి పది కొత్త తెగలు చేశాడు. ఏ పెద్దకుటుంబమూ తన ఊరి జనాన్ని గుంపుగా వెంటేసుకొని రాజ్యం చెయ్యకుండా గీసిన గీతలవి. మన మన్యంలోనూ గీతలు చాలాసార్లు మారాయి: 1860, 1874, 1959, మళ్లీ 2014. ప్రతిసారీ గీసినవాడి అవసరమే కొలత. పోలవరం జలాశయం కోసం 2014లో ఖమ్మం జిల్లానుంచి చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలూ, భద్రాచలం పట్నం తప్ప ఆ మండలం, బూర్గంపాడులో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాద్రి రాముడి గుడి ఇటు, పురుషోత్తపట్నంలోని ఆయన భూములు అటు! దేవుడి సంగతి అట్లా వుంటే, మునిగే గూడేలనెవరూ అడగలేదు.

క్రీ.పూ. 416లో ఏథెన్సు సేనలు మీలోస్ అనే చిన్నదీవి ముందు నిలబడ్డాయి. న్యాయం మాట ఎత్తకండి, న్యాయమన్నది బలంలో సమానులైనవారి మధ్యనే పుడుతుందని రాయబారులు చెప్పినట్టు థూసిడిడీస్ రాశాడు. ఆ దీవిలో పెద్ద మగవాళ్లను చంపారు, స్త్రీలనూ పిల్లలనూ బానిసలుగా అమ్మారు. లోపల ప్రజాతంత్రం నడిపిన ఆ నగరమే బయట ఈ పని చేసింది. పోలవరాన్ని మీలోస్‌తో పోల్చడం అతిశయోక్తి అనేవారు వుంటారు. చంపడం విషయంలో నిజమే. వాదం విషయంలో మాత్రం పోలిక సరిగ్గా సరిపోతుంది. లక్షల ఎకరాల డెల్టా ఒక పక్క, వేలాది కోయ, కొండరెడ్డి కుటుంబాలు ఒక పక్క వున్నప్పుడు, ఎక్కువమందికి మేలని చెప్పి న్యాయం మాట పక్కకు నెట్టారు.

రాజ్యాంగసభలో 1946 డిసెంబరులో జైపాల్ సింగ్ ముండా, ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పడం కాదు, మీరే వారినుంచి నేర్చుకోవాలి అన్న అర్థం వచ్చేటట్టు మాట్లాడాడు. గూడెం పెద్దలు చెట్టు కింద కూర్చుని తగువు తీర్చే పద్ధతిని చూసినవారికి అందులో నిజమెంతో తెలుసు. ఆ పంచాయితీలో స్త్రీ మాటకు ఎంత తక్కువ చోటో కూడా తెలుసు. 1996లో వచ్చిన పెసా చట్టం ఆ గ్రామసభకు చట్టబద్ధమైన గొంతు ఇచ్చింది. 2006 అటవీహక్కుల చట్టం పోడు హక్కుల విచారణను గ్రామసభ దగ్గరే మొదలుపెట్టించింది. 2012 సవరణ నియమాల ప్రకారం ఆ సభకు సభ్యుల్లో సగమైనా రావాలి, వచ్చినవారిలో మూడోవంతు స్త్రీలు వుండాలి.

ఏథెన్సు సభ పినిక్స్ కొండ మీద జరిగేది. ముఖ్యమైన కొన్ని నిర్ణయాలకు ఆరువేలమంది కావాలి. దూరపు పల్లె రైతు ఒక పూట పని మానుకొని నడిచిరావాలి. న్యాయస్థానాల్లో కూర్చునేవారికి పెరిక్లీస్ కూలి ఏర్పాటు చేశాడు, మొదట రెండు ఒబోలులు, తరవాత క్లియాన్ కాలంలో మూడు. క్రీ.పూ. 403 తరవాత సభకు వచ్చినందుకు కూడా ఒక ఒబోలు ఇచ్చి, త్వరలోనే మూడుకు పెంచారు. అరిస్టాటిల్‌కు ఇది నచ్చలేదు. కూలి ఇస్తే పేదలకు తీరిక దొరుకుతుంది, తీరిక దొరికితే వారే సభ నిండా వుంటారు, అప్పుడు శాసనం బదులు గుంపు ఏలుతుందని అతని ఫిర్యాదు. మన గ్రామసభకు వచ్చిన కూలీకి ఎవరూ ఏమీ ఇవ్వరు. వేసవిలో తునికాకు కోతకు తెల్లవారుజామునే అడవికి పోవాలి. మిరపకోతల రోజుల్లో గూడెం మొత్తం తోటల్లోనే వుంటుంది. అధికారులు సభ తేదీ నిర్ణయించేటప్పుడు పంచాంగం చూస్తారు, బడ్జెట్టు సంవత్సరం చూస్తారు. తునికాకు కల్లం ఎప్పుడు తెరుస్తారో, కోతలు ఎప్పుడు మొదలవుతాయో ముందుగా అడిగి తేదీ వెయ్యమనీ, వచ్చినవారికి ఆ రోజు కూలి సభ ఖర్చులోనే కట్టమనీ అడగవలసివున్నది.